తపాలా చిత్రములు: వాని ప్రామాణ్యవిచారము

చూచినచోటు కన్నులకు దూరమైన పిమ్మట దానిని మఱల మనస్సునకుఁ దెచ్చుకొనుటకై మనుష్యుఁడు కొన్ని సాధనములను గల్పించుకొనెను. అట్టి సాధనమును సంస్కృతమున అభిజ్ఞానమందురు, తెలుఁగున ఆనవాలందుము. ఆంజనేయుఁడు లంకకుఁ గొనిపోయిన యుంగరమును, అచ్చటినుండి తెచ్చిన చూడామణియు మనుష్యులకు సంబంధించిన యానవాళ్లు. స్థలములకు సంబంధించిన యానవాళ్లు వేఱు. కాశినుండి తెచ్చిన గంగచెంబు, కాశీదారము, రామేశ్వరపు శంఖము, పూరీక్షేత్రపుఁ బటము ఇట్టివి. వీనిలో మిక్కిలి యిటీవలిదియు, మిక్కిలి తేలికయైనదియు, అందుచేతనే మిక్కిలి యుపేక్షకుఁ బాత్రమైనదియుఁ దపాలా చిత్రము. ఒకవైపున బొమ్మయు, రెండవవైపున వ్రాఁతయుఁ గల కార్డును నే నిచ్చట నీ పేరఁ బేర్కొనుచున్నాను.

ఈ కార్డులను గూర్చుట వినోదమని కొందఱు, వ్యసనమని కొందఱు తలఁతురు. దేశచరిత్ర వ్రాయువారిలోఁ గొందఱు బొమ్మను మాత్రము గ్రహించి పుస్తకములలో నచ్చొత్తించి, వెనుకటి వ్రాఁతను విడిచిపెట్టుచున్నారు. తపాలాబిళ్లలను గూర్చువారు బిళ్లను గత్తిరించుకొని తక్కినదానిఁ బాఱవైచుచున్నారు. ఈ యిరువురును జేయునది యొక్క గ్రంథమును రెండుగాఁ జీల్చుటయే యని నా యభిప్రాయము. అట్టి కార్డు చరిత్రకుఁ బ్రమాణమగునా, అగునేని యేయంశమునఁ బ్రమాణమగును, దానిని గవికాలనిర్ణయమునందు మనము వాడు పద్ధతితోఁ బరిశోధింపవచ్చునా యనునవి యీ వ్యాసమున విచారణీయములు.

1. పూర్వరూపములు

చిత్రములఁ జూచి పూర్వయాత్రను స్మరించుట మనకుఁ గ్రొత్తది గాదు. భవభూతి యుత్తరరామచరితమున మొదటి యంకమునకుఁ జిత్రదర్శనమని పేరు. అందు లక్ష్మణుఁడు సీతారాములకుఁ జిత్రములఁ జూపుచు, మిథిలయందలి వివాహము మొదలుకొని వారు నడచిన త్రోవలను మఱల నడిపించును. గోదావరీతీరమందలి ప్రస్రవణపర్వతమును, జనస్థానమును, పంపాసరస్సును అందుఁ గానవచ్చును. ఆ యంకమును శ్రద్ధతోఁ బరిశీలించినచో రెండు విషయములు తేలును. మొదటిది: ఆ చిత్రములను వ్రాసినవాఁడు తాను జూచి వ్రాయలేదు, లక్ష్మణుఁ డుపదేశింపఁగా విని వ్రాసెను. రెండవది: చిత్రములఁ జూచిన సీతకు వానితోఁ దృప్తి కలుగలేదు, ఆ వనములను మఱలఁ జూడవలెనను కోరిక పుట్టెను. ఆ కోరికయే తుదకు నామెను వనమునకుఁ బంపుటకు నెపమయ్యెను. చూడనివాఁడు చూచినట్లు చిత్రించుట, చూచినవారికిఁ జిత్రమువలనఁ గోరిక పుట్టుట యను నీ రెండు ధర్మములును దపాలా చిత్రములకును జెల్లునని ముందు చూడఁగలము.

బొమ్మలు చౌకగా నచ్చుపడని కాలమున యాత్రికునకు మాటయే చిత్రము. ఏనుఁగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న మఱల నచ్చటికిఁ జేరిరి. త్రోవలో నాయన వ్రాసి, మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికిఁ బంపుచుండిన వ్రాఁతలే 1838లోఁ గాశీయాత్రచరిత్రగా వెలువడినవి. ఛాయాచిత్రవిద్య పారిసునందు లోకమునకు వెల్లడియైనది దాని మఱుసంవత్సరము, అనఁగా 1839లో. మిత్రుఁ డొకఁ డా వ్రాఁతలను దాఁచి యుండనిచో తెలుఁగువారి కా గ్రంథమే యుండెడిది కాదు. కావున స్థలస్మృతిని నిలుపువారిలో వ్రాసినవానితోపాటు దాఁచినవానికిని సమానభాగము గలదని మొదటనే గ్రహింపవలయును.

బొమ్మలకును దేశీయమైన పూర్వరూపములు లేకపోలేదు. పూరీయందుఁ జిత్రకారులు గుడ్డపై జగన్నాథుని వ్రాసి యాత్రికుల కమ్ముచు వచ్చిరి. కలకత్తాయందలి కాళీఘట్టమునఁ బటువాలు కాగితముపై వేగముగాఁ గుంచె నడపి, దేవతలనేకాక యానాఁటి సంఘమునందలి వింతలను గూడ వ్రాసి యమ్మిరి. 19వ శతాబ్దము ముగియునప్పటికి యంత్రములపై నచ్చుపడిన చౌకబొమ్మలు వచ్చి కాళీఘట్టపుఁ బటువాల వృత్తిని గూలఁద్రోసినవి. తపాలా చిత్రము మన దేశమునఁ గాలుమోపినది సరిగా నా సమయముననే.

2. కార్డు పుట్టుక

కవరు లేక తెఱచియుండు జాబును బంపవచ్చునను తలఁపు 1865లో జర్మనుదేశపుఁ దపాలాధికారియగు హైన్రిఖ్ ఫన్ స్టెఫాన్ వెలిపుచ్చెను. అప్పటి కది యంగీకరింపఁబడలేదు. 1869లో నాస్ట్రియాదేశపు టర్థశాస్త్రోపాధ్యాయుఁడు ఎమాన్యుయేల్ హెర్మన్ దానినే పత్రికాముఖమునఁ బ్రతిపాదింపఁగా, ఆ సంవత్సరము అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగెరీ రాజ్యమున మొదటి కార్డు వెలువడెను. ఇంగ్లాండున 1870 అక్టోబరు 1న వచ్చెను. మన దేశమున 1879 జూలై 1న కాలణా వెలకుఁ గార్డు అమ్మకమునకు వచ్చెను.

జాబు తెఱచియుండిన సేవకులు చదివెదరని యైరోపాలోఁ గొందఱు జంకిరి. మన పల్లెలలో నదియే సౌకర్యమైనది. చదువురానివారి కార్డును దపాలాజవానో, బడిపంతులో, అరుగుమీఁదఁ గూర్చున్న మఱియొకరో చదివి వినిపింతురు. కార్డు ఒక్కరికి వ్రాయఁబడినను వాడ కంతటికిఁ జెందినది. వ్రాయువారును దీని నెఱిఁగియే వ్రాయుచుండిరి. అందఱును వినఁదగిన మాటలే కార్డునకెక్కినవి, తక్కినవి యెక్కలేదు. ఈ మితిని మఱచి కార్డులఁ జదివినచో వానిలోని మౌనము మనకు బోధపడదు.

తొలినాఁటి కార్డులకు బొమ్మ లేదు. ఒకవైపు చిరునామాకు, రెండవవైపు వ్రాఁతకు. జర్మనుదేశమున 1880 మొదలుకొని ఊరిబొమ్మయు, ఆ యూరినుండి నమస్కారమను వాక్యముఁ గల కార్డులు వ్యాపించినవి. 1889లోఁ బారిసునందు జరిగిన ప్రదర్శనమున నైఫెల్‌గోపురపు బొమ్మ గల కార్డులు గోపురముపైననే యమ్మఁబడినవి. జనులు పైకెక్కి యచ్చటినుండియే వానిని బంపిరి. నేను వచ్చితిని, చూచితిని, దానికి సాక్ష్యమిదియని చెప్పుకొనుట కార్డునకు ముఖ్యప్రయోజనముగా నానాఁటినుండి స్థిరపడెను.

మన దేశమునఁ జిత్రపుఁ గార్డులు 19వ శతాబ్దపుఁ జివరి యేండ్లలో వచ్చినవి. అప్పటికే ఛాయాచిత్రకారుల యంగళ్లు పెద్దపట్టణములలో నెలకొనియుండెను. 1863లో నీ దేశమునకు వచ్చిన శామ్యూల్ బోర్న్ నెలకొల్పిన బోర్న్ అండ్ షెపర్డ్ కలకత్తాలో 2016 వఱకు నడచినది. ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖానుని యాస్థానచిత్రకారుఁడు రాజా దీనదయాళు సికిందరాబాదున ఛాయాచిత్రశాల నడపెను. చెన్నపట్టణమున వీలె అండ్ క్లైన్ వారు ఛాయాచిత్రములు తీసిరి. పుస్తకవిక్రేతలగు హిగ్గిన్‌బాథమ్స్ వారు చిత్రపుఁ గార్డులు ప్రకటించిరి. అయితే పెక్కు కార్డు లచ్చుపడినది మాత్ర మీ దేశమునఁ గాదు. ఛాయాచిత్రము నలుపుతెలుపులలో నిచ్చటఁ దీయఁబడి యోడపై జర్మనీకిఁ బోయి, అచ్చట రంగు లద్దఁబడి, అచ్చుపడి, మఱల నోడపై వచ్చి మన యంగళ్లలోఁ జేరుచుండెను. 1914లో మహాయుద్ధము రాఁగా నీ మార్గము మూసికొనిపోయెను.

ఇచ్చట భవభూతి మాట జ్ఞప్తికిఁ దెచ్చుకొనవలయును. రంగు లద్దినవాఁడు గోదావరినిఁ గాని, గోలకొండనుఁ గాని చూచినవాఁడు గాఁడు. ఆకాశమునకు నీలము, చెట్లకుఁ బచ్చన, స్త్రీల చీరలకు నెఱుపు తన యిచ్చకొలఁది నద్దెను. కావునఁ గార్డుమీఁది రేఖ యొకవేళఁ బ్రమాణము కావచ్చును గాని, రంగు ప్రమాణము గాదు. ఈ వివేకము లేక నేనును దప్పిపోయితిని. ఆ ముచ్చట ముందు చెప్పెదను.

3. మూఁడు కాలములు

ప్రతి చిత్రపుఁ గార్డునకును మూఁడు కాలములు గలవు. ఛాయాచిత్రము తీసిన కాలము మొదటిది. దానిని చిత్రకాల మందము. కార్డుగా నచ్చొత్తిన కాలము రెండవది, ముద్రణకాలము. ఒకరు కొని, వ్రాసి, పంపిన కాలము మూఁడవది, ప్రేషణకాలము. ఈ మూఁటికిని నడుమ నొక దిన మంతరముండవచ్చును, నలువదియేండ్లును ఉండవచ్చును. తపాలాముద్రలోని తేది మూఁడవదానినిఁ దెలుపును గాని మొదటిదానినిఁ దెలుపదు. తాళపత్రగ్రంథపుఁ జివర లేఖకుఁడు వ్రాసికొన్న సంవత్సరమును గవి కాలముగా భ్రమించుటయు, తపాలాముద్రను బట్టి కట్టడము కాలము చెప్పుటయు నొక్కటే పొరపాటు.

కవికాలనిర్ణయమున మనము పూర్వావధిని, ఉత్తరావధిని నిర్ణయించుకొందుము. కవి యెవరిని స్మరించెనో వారి తరువాతివాఁడు. ఎవరిచే నుదాహరింపఁబడెనో వారికి ముందువాఁడు. కార్డు విషయమునను నట్లే చేయవచ్చును. చిత్రమునఁ గానవచ్చు కట్టడములు చిత్రకాలమునకుఁ బూర్వావధి నిచ్చును. తరువాత నశించిన కట్టడములు దానికే యుత్తరావధి నిచ్చును. ప్రేషణకాలము ముద్రణకాలమునకు నుత్తరావధి. ముద్రణకాలము చిత్రకాలమున కుత్తరావధి.

ఉదాహరణములు చూపెదను. హైదరాబాదునందలి చార్మినారు 1591లోఁ గట్టఁబడినది. దాని నాలుగుదిక్కుల గడియారములు 1889లోఁ బెట్టఁబడినవి. గడియారము లేని చార్మినారు చిత్రము 1889కి ముందుది, ఉన్నది తరువాతిది. మూసీనదికి 1908 సెప్టెంబరు 28న వచ్చిన వఱదలో దాని యొడ్డులందలి పేటలు కొట్టుకొనిపోయినవి. పిమ్మట నా యొడ్డున నున్నతన్యాయస్థానపు మందిరము 1920లోఁ దెఱవఁబడినది. మూసీచిత్రమున దాని గుమ్మటములు కానవచ్చినచోఁ జిత్ర మెప్పటిదో చెప్పుటకుఁ దపాలాముద్ర యక్కఱలేదు. రాజమహేంద్రవరమున గోదావరిపై హేవలాక్ వంతెన 1900లో రాకపోకలకుఁ దెఱవఁబడినది. రైళ్లు దానిపై నడచుట 1997లో నిలిచినది. పొగబండి దానిపైఁ బోవుచున్న చిత్రమునకు రెండవధులు నిట్లు దొరకును.

కార్డు వెనుకవైపును సాక్ష్యము చెప్పును. తొలుత వెనుకవైపు చిరునామాకే కేటాయింపఁబడెను. వ్రాయఁదలఁచినవారు బొమ్మ యంచులలోఁ గాని, బొమ్మపైనఁ గాని యిఱికించి వ్రాయవలసివచ్చెను. నడుమ గీఁత గీచి, ఒక సగము చిరునామాకు, ఒక సగము వ్రాఁతకు విడుచుట కింగ్లాండున 1902లో, ఫ్రాన్సున 1904లో, జర్మనీలో 1905లో, అమెరికాసంయుక్తరాష్ట్రములలో 1907లో ననుజ్ఞ కలిగెను. కావున గీఁత యున్నదా లేదా యని చూచుట మొదటి పరీక్ష. తపాలాబిళ్లపై రాజు బొమ్మ రెండవ పరీక్ష. అచ్చుపడిన యూరిపేరు మూఁడవ పరీక్ష. కాకినాడ కొకనాడాగను, విశాఖపట్టణము వైజాగపటముగను, విజయవాడ బెజవాడగను, మచిలీపట్టణము మసూలిపటముగను అచ్చుపడిన కార్డు లాంగ్లపాలనకాలపు వర్ణక్రమమును జూపుచున్నవి. కాశికి బెనారెస్ అని యుండిన ప్రభుత్వనామము 1956 మే 24న వారణాసిగా మాఱెను. శబ్దశాస్త్రము చదివినవారు తమ విద్య యిచ్చట నక్కఱకు రాదని తలఁపనక్కఱలేదు.

పాఠాంతరములును గలవు. ఒక్క ఛాయాచిత్రమునే పలువు రచ్చొత్తిరి. ఒకరు నలుపుతెలుపులలో, ఒకరు రంగులతో; ఒకరు పూర్తిగా, ఒకరు ప్రక్కలు కత్తిరించి; ఒకరు సరియైన పేరుతో, ఒకరు తప్పుపేరుతో. ప్రతులనన్నింటిని జేర్చి పోల్చినఁగాని మూలపాఠ మేదియో తేలదు. ఒక్క కార్డును జూచి నిర్ణయము చేయుట యొక్క ప్రతిని జూచి కావ్యమును బరిష్కరించుటవంటిది.

4. చిత్రము నిలిపినవి

ఇట్లు శోధించి గ్రహించిన చిత్రము కట్టడములు పోయినచోటఁ గూడ నిలిచి సాక్ష్యమిచ్చును. చెన్నపట్టణపు సేనలోని అలెగ్జాండర్ గ్రీన్‌లా యను నుద్యోగి 1856లో హంపీశిథిలములను గాగితపు ఛాయలపైఁ జిత్రించెను. విఠలాలయపు రాతిరథమును మన మందఱము నెఱుఁగుదుము. 2017లో వచ్చిన యేఁబదిరూపాయల నోటుపై నదియే యచ్చుపడినది. కాని గ్రీన్‌లా చిత్రమున నా రథముపై నిఁటుకశిఖర మొకటి కానవచ్చుచున్నది. నేఁడది లేదు. రథమును జూచినవారు దాని సంపూర్ణరూపమునే చూచితిమని తలఁతురు. చిత్ర మట్లు కాదని చెప్పుచున్నది. 1980 తరువాత జాన్ గోలింగ్స్ అను నాస్ట్రేలియా ఛాయాచిత్రకారుఁడు గ్రీన్‌లా నిలిచిన చోటులలోనే నిలిచి మఱల చిత్రములు తీసెను. రెండింటిని బ్రక్కప్రక్కనుంచి చూచినచో నూఱేండ్ల కెక్కువకాలమున నేది పోయెనో, ఏది నిలిచెనో తెలియును.

అమరావతీస్తూపశిల్పములలోఁ గొన్నింటిని 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి చెన్నపట్టణమునకుఁ జేర్చెను. 1858లో నచ్చటనే లినియస్ ట్రైప్ అను ప్రభుత్వచిత్రకారుఁడు వానిని ఛాయలలోఁ బట్టెను. మఱుసటియేఁడు శిల్పములు సముద్రము దాఁటిపోయెను. చూడఁబోయినవాని కిచ్చట లేనిదానిని జిత్ర మిచ్చట నున్ననాఁటి స్థితిలోఁ జూపుచున్నది.

మన కన్నుల యెదుట జరిగినదియు నొకటి కలదు. శ్రీకాళహస్తియందుఁ గృష్ణదేవరాయలు 1516లోఁ గట్టించిన రాజగోపురము 2010 మే 26న కూలిపోయెను. దానిస్థానమునఁ గట్టిన క్రొత్తగోపురము 2017లోఁ బ్రతిష్ఠింపఁబడెను. కూలిన మఱునాఁడు మా వీథిలో నొక వృద్ధురాలు తన పెట్టె తెఱచి, తన పెండ్లియైన క్రొత్తలో నా గోపురమును వెనుక నుంచుకొని భర్తతోఁ దీయించుకొన్న ఛాయాపటమును జేతఁబట్టుకొని యింటింటికిఁ దిరిగి చూపెను. గోపురము పడిపోయినదని చెప్పుట కామె రాలేదు; తాను దానిక్రింద నిలిచితినని చెప్పుటకు వచ్చెను.

5. పేరులేని మనుష్యులు

కార్డులను బ్రమాణముగాఁ గొనువారు మఱియొక దోషమును గుర్తింపవలెను. కట్టడములకుఁ బేళ్లున్నవి, మనుష్యులకు లేవు. నీళ్లు మోయుస్త్రీ, పాములవాఁడు, బిచ్చగాఁడు, మంగలి, చాకలి యని జాతివాచకములతో మనుష్యు లచ్చుపడిరి. 1868 మొదలు 1875 వఱకు నెనిమిది సంపుటములుగా వెలువడిన భారతజనచిత్రసంగ్రహ మీ త్రోవను జూపెను. కార్డు లా త్రోవ ననుసరించినవి. వైయాకరణుల భాషలోఁ జెప్పవలెనన్న, వ్యక్తి తీసివేయఁబడి జాతి మాత్రమే నిలుపఁబడినది. ఆ కార్డును గొని సీమకుఁ బంపిన దొరసానికి నీళ్లకుండ మోయుస్త్రీ యొక దేశపు టానవాలు. ఆ స్త్రీ మనుమలకో, ఆ బొమ్మ తమ యవ్వదని తెలియుటకు మార్గమే లేకపోయెను. కూర్చువారు బొమ్మక్రింది మాటను యథాతథముగా నెత్తి వ్రాయవలెను గాని, దానిని సత్యమని నమ్మనక్కఱలేదు.

6. స్వానుభవము

ఇంతవఱకుఁ జెప్పిన నియమములు పుస్తకములవలనఁ గొన్ని, నా యపరాధమువలనఁ గొన్ని తెలిసికొంటిని. మా పితామహులు 1936లోఁ గాశీయాత్రకుఁ బోయి త్రోవలోనుండి యేడు చిత్రపుఁ గార్డులను బంపిరి. అవి మా నాయనమ్మగారి చందనపుఁ బెట్టెలో నుండెడివి. నాకుఁ బదియేండ్ల ప్రాయమునఁ దపాలాబిళ్లలు గూర్చు నుత్సాహము గలిగి, ఆమె గుడికిఁ బోయిన సమయమునఁ గార్డులను దీసి యిత్తడిపళ్లెములో నీళ్లు పోసి నానవైచితిని. బిళ్ల లూడివచ్చినవి. వానితోపాటు ముద్రల తేదులు చెదరినవి. వ్రాఁత నీటఁ గలిసినది. ఆఱు కార్డు లిట్లు పోయినవి. ఏడవది యామె రామాయణపుఁ బుస్తకములోఁ బెట్టుకొనియుండుటచే మిగిలెను. ఆమె తిరిగివచ్చి పళ్లెము చూచి చాలసే పేమియు ననలేదు. పిమ్మట, “బిళ్లలు కావలెనంటే నన్నడుగరాదా, నాయనా” యని మాత్ర మనెను.

మిగిలిన యేడవకార్డు మా చిన్నతాతగారి పేర నున్నది. ఆ కాలమున భార్యపేర జాబు వ్రాయుట మా వాడలలో మర్యాద గాదు. అందును నందఱు చదువు కార్డు. అందలి వ్రాఁత యిది: చిరంజీవికి ఆశీర్వచనములు. మేము క్షేమముగాఁ గాశి చేరితిమి. ఎల్లుండి గయకుఁ బ్రయాణము. కపిలావునకుఁ దెలగపిండి తప్పక పెట్టింపవలెను. ఇంటిలోఁ జెప్పవలెను. ఇంతే. బొమ్మవైపునఁ బంచగంగాఘట్టము, దానిపై నాలంగీరుమసీదు, దాని రెండు స్తంభములు, క్రింద నెఱ్ఱనితెఱచాపల పడవలు.

కొన్నియేండ్ల క్రిందట నొక పాఠశాల వార్షికసంచికకు మా పితామహుల యాత్రనుగూర్చి వ్రాయుచు, 1936లోఁ గాశియం దెఱ్ఱతెఱచాపల పడవలు విరివిగాఁ దిరుగుచుండెనని యీ కార్డును బ్రమాణముగాఁ జూపి స్థాపించితిని. అది యచ్చుపడిన పిమ్మట నా సహాధ్యాయి యొకరు హైదరాబాదునందలి పాతపుస్తకముల యంగడిలోఁ దమకు దొరకిన కార్డును దెచ్చి నా ముందుంచిరి. అవే పడవలు, ఆ మెట్లపైఁ గూర్చున్న యదే మనుష్యుఁడు, ఆ ఛత్రమే. కాని రంగులు లేవు. తెఱచాపలు తెల్లగా నుండెను. వెనుక నేడవ ఎడ్వర్డు బిళ్ల, 1906 ముద్ర. చిత్రకాలము ప్రేషణకాలమునకు ముప్పదియేండ్లకుఁ దక్కువగాకుండ ముందుదని తేలెను. ఎఱుపు అచ్చుకూటమువాని యెఱుపు. నేను జెప్పినదంతయు గాలిలోఁ గలిసెను. ఆ మిత్రులు నవ్వలేదు. అది వారి మంచితనము.

ఒక్క యంశము మాత్రము నిలిచెను. ఆ మసీదు స్తంభములలో నొకటి 1948లోఁ గూలిపోయెను. రెండవదానినిఁ బ్రమాదభయమునఁ దీసివేసిరి. కావున 1936లో మా పితామహులు రెండు స్తంభములను నిశ్చయముగాఁ జూచియుందురు. మిగిలిన దంతయుఁ గార్డువానిది.

ఈ భంగపాటు పిమ్మట నా కార్డును మఱల మఱలఁ జూచితిని. వ్రాఁత తమ్మునికి. ఆవును గుఱించిన యాజ్ఞ తమ్మునికి. ఇంటిలోఁ జెప్పవలెనను మాట యొక్కటియే భార్యకు. మా నాయనమ్మగారికిఁ జదువు రాదు. చదువురాని యామెకు నాయన యేమి పంపెను? సాదా కార్డు చాలునప్పుడు బొమ్మకార్డు నేల కొనెను? వెనుకవైపు తమ్మునికి వ్రాసిన జాబు. ముందువైపు భార్యకు వ్రాసిన జాబు. ఆమె దానిని రామాయణములోఁ బెట్టుకొనుటకుఁ గారణ మప్పుడు నాకుఁ దెలిసెను. నేను నీళ్లలోఁ గలిపిన యాఱింటిలో వ్రాఁత పోయినదని నేను విచారించుచుంటిని. కాని బిళ్లల నూడఁదీయుటకు నేను రుద్దిన రుద్దుడుకు బొమ్మలును జెడినవి. అవి యామె జాబులు.

స్మరణార్థకములగు ధాతువుల కర్మకు శేషత్వవివక్షయందు షష్ఠి కలుగునని పాణిని విధించెను. తల్లిని స్మరించుచున్నాఁడనవలసినచోటఁ దల్లియొక్క స్మరించుచున్నాఁడను తీరుగా సంస్కృతమునఁ బ్రయోగింపవచ్చును. ముప్పదియేండ్లు బాలురకు దీనిని జెప్పితిని. విభక్తివైచిత్ర్యముగాఁ జెప్పి విడిచితిని. స్మరణమునందు వస్తువుకంటె వస్తువుతోడి సంబంధము ప్రధానమని చెప్పఁదలఁచినపుడు షష్ఠి తగినదని యిపుడు తోఁచుచున్నది. చరిత్రకారుఁడు వస్తువును వెదకును. అతనికి 1936 కార్డు ముప్పదియేండ్ల పాతచిత్రము, కల్లరంగులు గలది. ఆ యిల్లాలు సంబంధమును వెదకును. ఆమెకుఁ గార్డు సత్యమైనది, ఏలయన భర్త చేతఁబట్టి యేఱినది. ఈ రెండు ప్రామాణ్యములును వేఱువేఱు. ఒకదానిని నిలుపుటకు రెండవదానిని జెఱుపరాదు.

7. చేయఁదగినది

కావునఁ బాఠశాలలయందలి పండితులకు నా విన్నపము. మీ యూళ్లలో నిండ్ల యటుకులమీఁద నిట్టి కార్డులు, యాత్రాపటములు ఇప్పటికిని మిగిలియున్నవి. బాలురచేత వానిని దెప్పింపుఁడు. ఇండ్లవారివద్దనే యుండనిచ్చి ప్రతులు మాత్రము గ్రహింపుఁడు. రెండు ముఖములకును బ్రతులు తీయవలెను. బొమ్మక్రింది మాట, అచ్చువేసినవారి పేరు, ముద్ర, బిళ్ల, వ్రాఁత యన్నియుఁ దప్పులతోఁగూడ నున్నవి యున్నట్లే యెత్తివ్రాయవలెను. ఎవరు పంపిరి, ఎవరికిఁ బంపిరి, ఎవరు దాఁచిరి యనునవి యింటివారి నోట విని వేఱుకాగితమున వ్రాయవలెను. ఈ మూఁడవది చెప్పఁగల వృద్ధులు నానాఁటికిఁ దగ్గుచున్నారు. కార్డుపైఁ గలముతో నేమియు వ్రాయరాదు; తప్పనిసరియైనచో మెత్తని పెన్సిలుతో నంచున వ్రాయవచ్చును. బంకతో నంటింపరాదు, బిళ్ల నూడఁదీయరాదు, నీళ్లు సోఁకనీయరాదు, ప్లాస్టికుపొరలో నతికింపరాదు, ఎండ తగులుగోడకు వ్రేలాడఁదీయరాదు.

నేఁడు యాత్రకుఁ బోవువారు సెల్‌ఫోనుతో నూఱులకొలఁది చిత్రములు తీసి క్షణములో నింటికిఁ బంపుచున్నారు. చిత్రకాలమును, ప్రేషణకాలమును నొక్కటియైనవి. నాకుఁ గలిగిన భ్రమ మా పిల్లలకుఁ గలుగదు. కాని యా చిత్రమునకు వెనుకవైపు లేదు. నూఱింటిలో నేది యెవరికొఱకుఁ దీయఁబడెనో చెప్పుమాట లేదు. ఒక్కదాని నేఱి, కాగితముపై నచ్చొత్తించి, వెనుక రెండు వాక్యములు వ్రాసి, తేది వేసి యుంచుట కష్టము గాదు.

మా యేడవకార్డును నే నిప్పటికిని ఆ రామాయణములోననే యుంచియున్నాను. నా వార్షికసంచికావ్యాసమునఁ జేసిన ప్రమాదమును సవరింపవలయునను కోరికయే యీ వ్రాఁతకు మొదటి కారణము. ఇందలి నిర్ణయములలో నింకను దోషములున్నచో విజ్ఞులు, తమ యింటి కార్డులను జూపి, నా సహాధ్యాయి వలెనే నవ్వక సవరింతురు గాక.